రొయ్యల పెట్టెలో శరదృతువు

ప్రపంచంలో మేకప్పు కంపెనీలకి నాలుగు ఋతువులుంటాయి. మా బందరుకి రెండే. ఉక్కపోత ఒకటి, వాయుగుండం ఒకటి. ఆ రెండిటి మధ్యా జనవరిలో కొన్నాళ్లు ఫ్యాను అయిదు నుంచి మూడుకి తగ్గిస్తాం. దానికే చలికాలం అని పేరు పెట్టుకుని మా అమ్మ చెవులకి మఫ్లరు చుట్టుకుని తిరుగుతుంది.

అయినా నేను మాత్రం నాలుగు ఋతువులూ నిష్ఠగా పాటిస్తాను. ఎక్కడో మంచు కరిగే దేశంలో వసంతకాలం కలెక్షన్ వచ్చిందంటే ఇక్కడ నా ఫోను మోగుతుంది. లేత గులాబీలు, లేత ఊదాలు, మొహం మీద అప్పుడే మంచు కురిసినట్టు తడితడిగా మెరిసే క్రీములు. ఆ మెరుపు కోసం అక్కడి జనం ఆస్తులు రాసిచ్చేలా ఉంటారు. మా ఊళ్లో మార్చి నెలలో కోనేరు సెంటరు దాకా నడిచి వస్తే చాలు, అంతకన్నా ఎక్కువే మెరుస్తాం. ఇంక శరదృతువు కలెక్షన్ అంటే రాలిన ఆకుల రంగులు. మా వైపు ఆకులు రాలేది తుపానుకి. అవీ పచ్చివే, కొమ్మలతో సహా.

ఫ్యాషన్ షోలూ వదలను. ఆ నడిచే అమ్మాయిలు ఎందుకు నవ్వరో చాలాకాలం అర్థం కాలేదు. తరవాత తెలిసింది, వానాకాలం వరిగట్టు మీద నడిచేటప్పుడు నా మొహమూ అలాగే ఉంటుందని. ఒకసారి ఒక అమ్మాయి తల నుంచి పాదాల దాకా నల్లటి వల చుట్టుకుని వచ్చింది. కింద కామెంట్లలో జనం కళ అంటే ఇదీ అని కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. తీసుకెళ్లి మా బావకి చూపించాను. బావ మా మేనత్త కొడుకు. ఉండేది గుడివాడలో, రొయ్యల చెరువులు కృత్తివెన్ను దగ్గర. వీడియో ఆసాంతం శ్రద్ధగా చూశాడు.

"చెరువు మీద పక్షులు వాలకుండా కట్టే వల ఇది. మనది నయం, దారం గట్టిది."

"బావా, అది ఫ్రాన్సులో చేత్తో అల్లిన గౌను."

"కావచ్చు. కొంగ ఒక్కటీ వాలలేదుగా, పనిచేస్తున్నట్టే."

నవ్వులాటకి చెప్తున్నాను గానీ నాకు ఈ పిచ్చి నిజంగానే ఉంది. కొత్త లిప్‌స్టిక్ మూత తీసినప్పుడు ఆ ఏటవాలు కొస మీద ఇంకా ఎవరి పెదవీ తగలని నునుపు ఉంటుంది చూశారా, దాన్ని పాడుచేయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఒక మట్టిరంగుకీ ఇంకో మట్టిరంగుకీ తేడా చెప్పమంటే కిటికీ దగ్గరికి వెళ్లి చెప్తాను. కంపెనీవాళ్లు వాటికి సంధ్యారాగాల్లాంటి పేర్లు పెడతారు. మా అమ్మ మళ్లీ పెడుతుంది: చింతపండు పులుసు, ఎండిన జున్ను, గోడ సున్నం. ఎండాకాలం కరిగిపోకుండా వాటిని ఫ్రిజ్ తలుపులో గుడ్ల అరలో పెడతాను. "గుడ్లు ఎక్కడ పెట్టుకోమంటావే?" అని అమ్మ అడుగుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నకి మా ఇంట్లో ఇంకా జవాబు దొరకలేదు.

నాకున్నది కళ్లు మాత్రమే. చేతులు మా అక్కవి. అక్క అంటే సొంత అక్క కాదు, ఆ రొయ్యల బావ భార్య. వరసకి అక్క. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఏ మొహానికీ సరిపోని ఫౌండేషన్లని మూడు రకాలు కలిపి, ఎదుటి మనిషి చర్మంలో కలిసిపోయే రంగు తయారుచేస్తుంది. ఏం వేసిందో కనపడదు, మనిషి మాత్రం రాత్రి బాగా నిద్రపోయినట్టు కనిపిస్తుంది. చుట్టాల పెళ్లిళ్లకి ఉచితంగా వేసీ వేసీ చేయి తిరిగింది. ఇక పార్లరు పెట్టుకోవాలన్నది ఆవిడ కోరిక. అందుకు కావలసింది వాళ్లింటి ముందుగది. రోడ్డు మీదకి తలుపున్న మంచి గది. దాని నిండా పైకప్పు దాకా రొయ్యల మేత బస్తాలు.

ఆ గది మీద అధికారం మా అత్తయ్యది. అత్తయ్య అరవదు, తిట్టదు. ఏదైనా ఒకసారే చెప్తుంది. దివిసీమలో ఒక పెళ్లికూతుర్ని తయారుచేసే పని అక్కకి మొదటిసారి బయటివాళ్ల నుంచి వచ్చినప్పుడు కూడా ఒకసారే చెప్పింది.

"ఈ పెళ్లి పని చేసిరా. పెళ్లివారి నోట ఒక్క మాట రాకుండా వస్తే గది నీది. మాట వచ్చిందంటే బస్తాలు అక్కడే ఉంటాయి. మళ్లీ నన్ను అడగొద్దు."

అక్క సరేనంది. ఆ రోజు నుంచి ఆవిడ అన్నం తినడం నేను చూళ్లేదు. బావ చూశాడట, బాగానే తినేదట. అయినా మొహం మాత్రం తిననట్టే ఉండేది.

పెళ్లికూతురు హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్ల. వీడియో కాల్‌లో ఒక ఫొటో చూపించింది. తెల్లటి దొరసాని, పొగచూరినట్టు కళ్లు, పుట్టగొడుగు రంగు బుగ్గలు, కాఫీ డికాషన్ రంగు పెదాలు. "శరదృతువు కలెక్షన్ అక్కా. మొత్తం ఇదే కావాలి" అంది. పెళ్లేమో వైశాఖంలో. వెనకాల నుంచి ఎవరో ముసలావిడ ఫోనులోకి వంగి, "ఆ పిల్లకి ఏం జబ్బు చేసిందే?" అని అడిగింది. ఆవిడ పెళ్లికూతురి నాయనమ్మ.

ఆ కలెక్షన్ నా దగ్గర సగం ఉంది. మిగతా సగం తెప్పించాం. కాబట్టి సహాయకురాలి హోదాలో నేనూ బయల్దేరాను, జీతం లేకుండా, రెండుపూటలా భోజనానికి.

వైశాఖంలో మా డెల్టాలో లిప్‌స్టిక్ బయట పెడితే మధ్యాహ్నానికి గరిటెతో తీసుకోవాలి. దానికి మార్గం బావ కనిపెట్టాడు. పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, శాంపిళ్లు పట్టుకెళ్లే థర్మాకోల్ పెట్టె తీసుకొచ్చి ముందు పెట్టాడు.

"ఇందులో పెడితే సరుకు చెన్నై దాకా చెక్కుచెదరదు. అవనిగడ్డ ఎంతలో ఉంది?"

"కడిగావా బావా?" అన్నాను.

"సబ్బుతో కడిగాను. నిమ్మచెక్కతో రుద్దాను. ఇంకా అనుమానమైతే హారతివ్వమంటావా మరదలా?"

అక్క వాసన చూసింది, నేనూ చూశాను. ఏ వాసనా లేదు. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. అక్క పడుకునే గోడకి అవతల రొయ్యల మేత. నేను పుట్టింది చేపల ఊళ్లో. మా ఇద్దరి ముక్కులూ ఆ విషయంలో సాక్ష్యానికి పనికిరావు. అది మాకు అప్పుడు తట్టలేదు.

కవర్లలో ఐసు అడుగున, దాని మీద జిప్ కవరులో క్రీములూ లిప్‌స్టిక్కులూ, అన్నిటికన్నా పైన గుడ్డసంచీలో బ్రష్షులూ స్పాంజీలూ. కారు బావ నడిపాడు, పెట్టె నా ఒళ్లోనే ఉంది. చల్లపల్లి దాటాక నా మోకాళ్లు చల్లగా అయ్యాయి. ఐసు కవరు ఎక్కడో చిరిగింది. పులిగడ్డ వంతెన కింద కృష్ణ పారుతుంటే, పైన పెట్టెలో ఇంకో చిన్న కృష్ణ గలగలమంటోంది.

ఆ ఇంటికి వెళ్లేసరికి మంగళస్నానాలు అయిపోయాయి. ముహూర్తం పదిన్నరకి. పెళ్లికూతురి గదిలో సాంబ్రాణి పొగ, బుట్టెడు మల్లెపూలు. వాళ్లు తరతరాలుగా గుడ్డు కూడా ముట్టని మనుషులు. ఉల్లిపాయ విషయంలో కూడా ఇంట్లో రెండు పక్షాలున్నాయని పెళ్లికూతురి పిన్ని మాకు కాఫీ ఇస్తూ చెప్పింది.

అక్క పెట్టె తెరిచింది. గుడ్డసంచీ తడిసి ఉంది. "పోనీలే, స్పాంజీ ఎలాగూ తడిపే వాడాలి" అని గట్టిగా పిండి పని మొదలుపెట్టింది. నుదురు, ఒక బుగ్గ, గడ్డం. చేయి వేగంగా, మెత్తగా కదులుతోంది. ఎడమవైపు మొహం అప్పుడే అందంగా తేలుతోంది. పిన్ని దగ్గరికి వచ్చి నిలబడి గట్టిగా గాలి పీల్చింది.

"ఏదో వాసనే? సముద్రం ఒడ్డున నిలబడ్డట్టుంది."

పెళ్లికూతురు కళ్లు మూసుకునే చెప్పింది. "సముద్రపు నాచుతో చేస్తారు పిన్నీ, ఇప్పుడు అన్నిట్లో అదే. ఫారిన్ సరుకు కదా."

"అవునా! ఏమ్మా, నా మొహానికీ కాస్త అద్దు."

అక్క అద్దింది. పిన్ని అద్దంలో చూసుకుని, ఫారిన్ సరుకు ఫారిన్ సరుకేనని మురిసిపోయింది. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు లోపలికొచ్చాడు. నాగాయలంక మనిషి, అక్కడా రొయ్యల చెరువులే. గుమ్మంలో ఆగాడు. ముక్కు ఎగరేశాడు. ఆయన చూపు గదంతా తిరిగి నా పక్కనున్న థర్మాకోల్ పెట్టె మీద వాలింది. లైటు సర్దుతున్నట్టు నా దగ్గరికి వంగి గొంతు తగ్గించి అడిగాడు.

"టైగరా అండీ, వెనామీయా?"

రెండూ రొయ్యల రకాలే. ఆ మాటతో మల్లెపూల మధ్య నుంచి నా ముక్కుకి కూడా సంగతి అందింది. అక్కని వరండాలోకి లాక్కెళ్లాను.

"ఈ స్పాంజీ వాసన చూడు."

చూసింది. "ఏముంది? మామూలుగానే ఉంది."

"మామూలుగా అంటే ఎలా?"

"మనింట్లోలా." అనేశాక ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది. ఆ షేడ్ ఏ కలెక్షన్‌లోనూ చూళ్లేదు.

నేను సలహాలివ్వడంలో ముందుంటాను. "అక్కా, వాళ్లకి తెలీదు. పుట్టి బుద్ధెరిగాక ఆ వాసన చూసినవాళ్లు లేరు లోపల. నాచు అనుకుంటున్నారు. వేరే స్పాంజీతో పని కానిచ్చేసి వెళ్లిపోదాం. ఫొటోగ్రాఫరుతో నేను మాట్లాడతాను."

అక్క స్పాంజీని ఇంకోసారి వాసన చూసింది. "చెప్తే మాట వస్తుంది" అంది.

"వస్తుంది. గది పోతుంది."

"వాళ్లకి ముందే తెలిస్తే ఇది మొహానికి తగలనిచ్చేవాళ్లా?"

"ప్రాణం పోయినా తగలనివ్వరు."

"మరింకేముంది?" అని లోపలికి నడిచింది. ఇలాంటి చోట కొంచెం ఏడవడం, స్తంభానికి ఆనుకోవడం ఉంటాయనుకున్నాను. అవేం జరగలేదు. నేనే స్తంభానికి ఆనుకున్నాను.

అక్క పెళ్లికూతురి ముందు వంగి కూర్చుని చెప్పింది. "అమ్మా, అది నాచు వాసన కాదు. రొయ్యలు పెట్టే పెట్టెలో సామాను తెచ్చాం. కరిగిన నీళ్లు స్పాంజీకి తగిలాయి. నేను చూసుకోలేదు."

పెళ్లికూతురు కళ్లు తెరిచి అద్దంలోకి చూసుకుంది. సగం మొహం పెళ్లికి సిద్ధంగా ఉంది, సగం అప్పుడే బస్సు దిగినట్టుంది. "రొయ్యలా?" అంది మెల్లగా. తరవాత మెల్లగా కాదు. "నాయనమ్మా!"

నాయనమ్మ వచ్చింది. సంగతి మొత్తం నిలబడి వింది. పిన్ని అప్పటికే మూలన పమిటచెంగుతో బుగ్గలు తోముకుంటోంది. నాయనమ్మ చేయి చాపి ఆ స్పాంజీ అడిగి తీసుకుని, ముక్కుకి కొంచెం దూరంలో పెట్టుకుని చూసింది.

"ఓహో. ఇదా రొయ్యంటే" అంది. ఆ గొంతులో కోపం కన్నా ఎక్కువ ఏదో ఉంది. ఇన్నేళ్లుగా దివిసీమలో ఉంటూ తాము జాగ్రత్తగా తప్పించుకు తిరిగిన మనిషి ఎదురుపడితే అలాగే అంటారేమో.

"తెలిసి చేశావా?"

"తెలీక చేశానండి."

"మాకెవరికీ తెలిసేది కాదుగా. నోరు మూసుకుంటే పోయేదానికి ఎందుకు చెప్పావు?"

"మీకు తెలీదు కాబట్టే చెప్పానండి."

నాయనమ్మ మనవరాలి వైపు తిరిగింది. "లే. సున్నిపిండితో మొహం కడుక్కో. పసుపు నీళ్లు చల్లుకుని రా. మళ్లీ తలస్నానం అంటే జుట్టు ఆరదు, దేవుడికి నేను చెప్పుకుంటాను." ఆ తరవాత అక్కతో, "నీళ్లు తగిలినవేవీ ఇక ముట్టకు. మూత బిగించినవి నేను వాసన చూసి ఇస్తాను. ఇంకో మాట. ఆ కాఫీ రంగు పెదాలకి వద్దు. ఎరుపు వెయ్యి."

"నాయనమ్మా, దానికీ దీనికీ ఏంటి సంబంధం?" అని పెళ్లికూతురు గుమ్మంలోంచే అరిచింది.

"ఏ సంబంధమూ లేదు. మీరు కాదనలేనిది ఇప్పుడే కదా."

అలా నాయనమ్మ ఒక్కొక్క సీసా మూత తీసి వాసన చూసి, నచ్చినవి ఎడమవైపు, నచ్చనివి కుడివైపు పెట్టింది. మంచి ఖరీదైన గులాబీ సెంటు క్రీము ఒకటి కుడివైపుకి వెళ్లింది. అదేం తప్పు చేసిందో నాకు ఇప్పటికీ తెలీదు. బ్రష్షులన్నీ పోయాయి, స్పాంజీలన్నీ పోయాయి. అక్కకి మిగిలినవి వేళ్లు.

వాటితోనే వేసింది. క్రీము అరచేతిలో కరగనిచ్చి, వేలికొసలతో కొంచెం కొంచెంగా అద్దుతూ పోయింది. ఎక్కువ వేయడానికి వీల్లేకపోయింది కాబట్టి పలచగానే పడింది. గౌరీపూజకి పిలుపు వచ్చేసరికి పెళ్లికూతురు ఎరుపు పెదాలతో లేచి నిలబడింది. అద్దంలో చూసుకుని, "నేనే ఉన్నాను" అంది. అది మెప్పో ఫిర్యాదో గొంతును బట్టి తేల్చలేకపోయాను. అక్క కూడా తేల్చుకోలేక ఆ పూటంతా నన్ను అడుగుతూనే ఉంది.

మండపంలో తలంబ్రాలు పోసుకునేటప్పుడు పెళ్లికొడుకు నుదుటి మీద బియ్యం అతుక్కున్నాయి గానీ పెళ్లికూతురి మొహం మీద ఒక్క గింజ నిలవలేదు, మేకప్పు అంత పలచగా కుదిరింది. నేను ఆ సంగతి అక్కకి చూపించాను. అక్క చూళ్లేదు. పెళ్లివారిలో ఎవరి నోరు కదులుతోందా అని చూస్తోంది. కదిలే నోళ్లన్నీ పులిహోర గురించే మాట్లాడుతున్నాయి. అయినా ఇంతమందిలో ఒకరు చాలు, ఆ మాట గుడివాడ దాకా మోయడానికి.

మధ్యాహ్నం పెళ్లికూతురు మా దగ్గరికి వచ్చి సాయంత్రం రిసెప్షన్‌కి కూడా ఉండమంది. కొత్త స్పాంజీల కోసం బావని అవనిగడ్డ ఫ్యాన్సీ షాపుకి పంపాం. మొదటిసారి గిన్నెలు తోమేవి తెచ్చాడు. రెండోసారి సరైనవి తెచ్చి, "రెండూ తోమడానికేగా" అన్నాడు. సాయంత్రానికి నాయనమ్మ షరతు గడువు తీరిపోయింది కాబట్టి కాఫీ రంగు పెదాలు, పుట్టగొడుగు బుగ్గలు, పొగచూరిన కళ్లు అన్నీ వేశాం. బయట జనం కర్చీఫులతో మెడలు తుడుచుకుంటున్న ఆ ఉక్కపోతలోకి శరదృతువు దిగి స్టేజీ ఎక్కింది. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. నాయనమ్మ మాత్రం ముందు వరసలో కూర్చుని, "పొద్దున్న ఆరోగ్యంగా ఉండేది" అంది.

మర్నాడు ఆదివారం. నేను బందరులో దిగిపోకుండా వాళ్లతో గుడివాడ వెళ్లాను. అత్తయ్య తీర్పు వినకుండా ఉండటం నా వల్ల కాదు. దారంతా బావ ఒకటే చెప్పాడు. "అమ్మకి తెలీదు. వాళ్లు ఫోను చేయలేదు. మనం ఏమీ అనక్కర్లేదు." అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అత్తయ్య వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. అక్క సంచీ కింద పెట్టకుండానే చెప్పేసింది. పెట్టె, స్పాంజీ, నాయనమ్మ, అన్నీ. "మాట వచ్చింది అత్తయ్యా" అని ముగించింది.

అత్తయ్య చేతిలో కాయ పూర్తిచేసి పళ్లెంలో పెట్టింది.

"వాళ్లే కనిపెట్టారా, నువ్వు చెప్పావా?"

"నేనే చెప్పాను."

"చెప్పాక పంపేశారా?"

"సాయంత్రానికి కూడా ఉండమన్నారు."

"రంగులు రొయ్యల పెట్టెలో పెట్టింది ఎవరు?"

అక్క సంచీ భుజం మీదకి సర్దుకుంది. నేను బావ వైపు చూశాను. బావ అప్పుడే చెప్పులు వేసుకుని ఎక్కడికో బయల్దేరుతున్నాడు.

"ఆగరా" అంది అత్తయ్య. "పెట్టె నీది, బుద్ధి నీది. మాట దానికొచ్చింది. ఆ బస్తాలు వెనక షెడ్డులో వెయ్యి. పనివాళ్లని పిలవకు, నువ్వే వెయ్యి."

"అన్నీనా?"

"వాసన వచ్చే గదిలో ఎవరు కూర్చుంటారు? అన్నీ."

అంతే. కౌగిలింతల్లేవు, కళ్లనీళ్లు లేవు. అత్తయ్య రెండో బీరకాయ అందుకుంది. అక్క మాత్రం సంచీ ఇంకా భుజానికి ఉండగానే ముందుగదిలోకి వెళ్లింది. బావ మొదటి బస్తా వీపుకెత్తుకునేసరికి, గోడ కనిపించినంత మేర చేత్తో తడిమి చూస్తోంది. నాలుగు బస్తాలు బయటికెళ్లాక కిటికీ బయటపడింది. ఆ గదికి కిటికీ ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. అక్క వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి దాని ఎదురుగా వేసి, నన్ను కూర్చోమంది. గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఆవిడ వేళ్లకి ఇంకా మల్లెపూల వాసన ఉంది.

"కాస్త పక్కకి జరగండమ్మా, దారి" అన్నాడు బావ బస్తా కిందనుంచి.

అక్క జరగలేదు.